బొమ్మ పడేదాకా

శోభ ఆ కాగితాన్ని రెండోసారి వెనక్కి తోసింది.

ఆదోనిలో ఆస్పత్రి మార్చురీ మెట్ల మీద ఆమె నిన్నటి నుంచి కూర్చునే ఉంది. లోపల ఆమె భర్త గణేష్ శవం. పోస్టుమార్టం అయిపోయింది. శవాన్ని అప్పగించడానికి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దేవరాజు రాయించిన కాగితం చిన్నదే. గొడవంతా దాని చివరి వాక్యం దగ్గర. 'నా భర్త మరణం విషయంలో నాకు ఎవరి మీదా అనుమానం లేదు.'

"ఆ మాట కొట్టేయండి సార్, సంతకం పెడతా," అంది శోభ.

"అది కొట్టేస్తే కాగితానికి అర్థం లేదమ్మా."

"అది ఉంటే నా సంతకానికి అర్థం లేదు."

దేవరాజు చేతి గడియారం చూసుకున్నాడు. మధ్యాహ్నం మూడు వరకు ఆగుతానని, అప్పటికీ భార్య ఒప్పుకోకపోతే ఆమె తమ్ముడు రమేష్ చేత సంతకం పెట్టించుకుని శవాన్ని పంపేస్తానని చెప్పి జీపెక్కాడు. గణేష్‌కు అయినవాళ్లెవరూ లేరు. బావమరిది సంతకం చాలు. సాయంత్రానికి దహనం అయిపోతే గోడౌన్‌లో ప్రమాదం అన్న మాటే ఫైలులో నిలిచిపోతుంది. ఆ తర్వాత శోభ ఎంత అరిచినా వినే దిక్కుండదు.

మహాదేవి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. హొళగుంద ఊరి మనిషి. పోలీసు ఉద్యోగం వదిలేసి ఆదోనిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. శోభ నిన్న సాయంత్రం ఫోన్ చేసి ఒకే మాట అడిగింది. నా మొగుణ్ని చంపినారు, ఎవరో కనుక్కుంటావా అని.

మహాదేవి ఒక్కొక్కటే అడిగింది. శోభ దాచకుండా చెప్పింది.

ఎమ్మిగనూరులో మగ్గాల సందులో గణేష్‌దీ రమేష్‌దీ పక్కపక్క ఇళ్లు. ఇద్దరూ ఆదోని వ్యాపారి గురుదత్‌కు చీరలు నేస్తారు. నెలకోసారి ఇద్దరిలో ఒకరు మూటలు తీసుకుని ఆదోని గోడౌన్‌కు రావాలి. పోయిన నెల గణేష్ వచ్చినప్పుడు గోడౌన్ వెనక గదిలో మరమగ్గం చీరలకు చేనేత ముద్ర వేస్తుండగా చూశాడు. మన పేరు మీద దొంగ చీరలు అమ్ముతున్నారని మండిపోయాడు. కర్నూలు పోయి చేనేత అధికారులకు చెప్పేస్తానన్నాడు. గురుదత్ రెండుసార్లు మాట్లాడదాం రమ్మని కబురు పెట్టినా, ఆ గోడౌన్ గడప తొక్కనని తెగేసి చెప్పాడు.

"తొక్కనన్న మనిషి నిన్న ఎందుకు పోయినాడు?"

"టాస్ పడింది అక్కా."

మహాదేవికి వెంటనే అర్థం కాలేదు. శోభ ఫోన్ తీసి చూపించింది. సందులో వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. నీళ్ల ట్యాంకరు వస్తే ముందు ఎవరు పట్టుకోవాలి, పిండి మరకు ఎవరు పోవాలి, చివరికి టీ ఎవరు తేవాలి అన్నా సరే, ఫోన్‌లో నాణెం ఎగరేసే యాప్ ఉంది, దానితో తేల్చుకుంటారు. మొదలుపెట్టింది గణేషే. ఒకప్పుడు నిజం రూపాయితో వేసేవాళ్లు. నువ్వు చేత్తో తిప్పినావంటే నువ్వు తిప్పినావని కొట్లాటలయ్యేవి. ఫోన్‌కు చేతుల్లేవు, మోసం రాదు అన్నాడు గణేష్. టాస్ పడినాక కాదనకూడదని నియమం పెట్టింది కూడా అతనే. అందుకే నిన్న పొద్దున నాణెం తన మీద పడగానే మాట్లాడకుండా మూటలు బండికి కట్టుకున్నాడు.

"మాట తప్పినానని సందులో ఎవరూ అనకూడదంట. ఆయప్ప పట్టుదల అట్లుంటది," అంది శోభ.

ఆ టాస్ వీడియో గ్రూపులోనే ఉంది. స్క్రీను మీద బంగారు రంగు నాణెం. రమేష్ గొంతు: "బొమ్మ పడితే బావ పోవాల, బొరుసు పడితే నేను పోతా." వెనక ఏదో టకటకమని చప్పుడు. నాణెం గిర్రున తిరిగి బొమ్మ దగ్గర ఆగింది. మహాదేవి మూడుసార్లు చూసింది. తర్వాత పాత నెలల వీడియోలు వెతికి చూసింది. వాటన్నిటిలో స్క్రీను పైభాగంలో టైమూ బ్యాటరీ గుర్తూ కనపడుతున్నాయి. ఈ ఒక్క వీడియోలో ఆ పట్టీని కత్తిరించేశారు.

"రమేష్ యాడున్నాడు ఇప్పుడు?"

"గురుదత్ సావుకారు అంబులెన్స్ మాట్లాడతానన్నాడంట. వాడు ఆ పని మీద తిరుగుతాండాడు. నా తమ్ముడొక్కడే అక్కా నాకు తోడు. వాడు కూడా సంతకం పెట్టేయమనే అంటాండాడు."

మహాదేవి లేచింది. "నువ్వు పెట్టద్దు. మూడు లోపల వస్తా."

*

గురుదత్ గోడౌన్‌లో ముందు భాగమంతా పత్తి బేళ్లు. చేనేత బట్ట ఉండేది వెనక గదిలో. ఆ గదికి పోవాలంటే బేళ్ల వరసల మధ్య సన్నటి సందులో నడవాలి. ఆ సందులోనే గణేష్ మీద బేళ్లు కూలాయి. చూసినవాళ్లు లేరు. గుమాస్తా చప్పుడు విని పరుగెత్తి వచ్చేసరికి ప్రాణం పోయిందట.

మహాదేవి పోలీసులు కట్టిన తాడు కింద నుంచి దూరింది.

బేళ్లను పక్కకు దొర్లించారు. నేల మీద నల్లగా ఎండిన మరక. ఆమె మరకను వదిలేసి చుట్టూ నేలను చూసింది. గోడౌన్ అంతటా పత్తి నూగు దట్టంగా పేరుకుని ఉంది. ఎదుటి గోడ దగ్గర మాత్రం మంచమంత చోటు నున్నగా, శుభ్రంగా ఉంది. చాలాకాలం బేళ్లు కదలకుండా నిలబడిన చోట నూగు పడదు. సందు పక్కన, కూలిన వరస అడుగున మాత్రం నూగు నలిగి అంటుకుపోయి ఉంది. అంటే ఆ బేళ్లు మొన్నమొన్నటిదాకా గోడ దగ్గర ఉన్నాయి. ఎవరో వాటిని తెచ్చి సందు పక్కన కొత్తగా పేర్చారు.

వరస వెనక్కి దూరి గోడను తడిమింది. తలకంటే ఎత్తులో సున్నం పెచ్చు ఊడింది. ఊడిన చోట గడ్డపార మొన ఆనించిన గుంట. పెచ్చు కింద నూగు మీద పడి ఉంది. దాని మీద ఇంకా దుమ్ము చేరలేదు. గోడకు గడ్డపార ఆనించి, పై బేలును ముందుకు తోస్తే చాలు. కింద నడిచే మనిషికి తప్పుకునే చోటు ఉండదు.

"నువ్వు యూనిఫాం ఇచ్చేసి ఆరేళ్లయింది మహాదేవీ. తాడు దాటే అలవాటు మాత్రం పోలేదు."

వెనక దేవరాజు నిలబడి ఉన్నాడు.

"యూనిఫాం ఇచ్చేసినా సార్. కళ్లు ఇచ్చేయలేదు." ఆమె గోడ మీద గుంట చూపించింది.

అతను టార్చి వేసి చూశాడు. గోడౌన్ గోడకు వంద గుంటలుంటాయన్నాడు. బేళ్లు వారానికోసారి జరుపుతూనే ఉంటారన్నాడు. ఆ మాటలు ఎలా ఉన్నా, తర్వాత అన్నది మాత్రం బలమైన మాటే.

"నిన్న పొద్దున టాస్ పడేదాకా ఇక్కడికి ఎవడు వస్తాడో ఎవరికీ తెలియదు. బొమ్మ పడితే గణేష్, బొరుసు పడితే రమేష్. ఎవడు వస్తాడో తెలియకుండా ఎవడన్నా గడ్డపార పట్టుకుని కాచుకుంటాడా? మగ్గాల సందు మొత్తం చూసింది ఆ టాస్‌ను. నీకు హత్యే కావాలంటే ముందు ఆ నాణేన్ని అరెస్టు చెయ్."

"ముందే తెలిసి కాచుకుంటే?"

"ఎట్ల తెలుస్తుంది?"

దేవరాజు నవ్వి, బయటికి నడవమని చెయ్యి చూపించాడు.

"ఏ సెక్షన్ కింద పంపిస్తాండారో రాసివ్వండి సార్. పోతా."

అతను రాసివ్వలేదు. ఆమె అతని ఎదుటే నేలనూ గోడనూ సున్నం పెచ్చునూ ఫోటోలు తీసుకుంది. తొందరపడకుండా తీసుకుంది. ఆ తర్వాతే బయటికి నడిచింది.

గోడౌన్ గేటు పక్కన హమాలీ ఉచ్చీరప్ప బీడీ తాగుతున్నాడు. చావు గురించి అడిగితే నేను చూడలేదన్న మాట తప్ప ఇంకేదీ చెప్పేలా లేడు. మహాదేవి చావు సంగతి ఎత్తలేదు. నిన్న పనిలో ఎందుకు లేవని మాత్రమే అడిగింది. సెలవిచ్చినారన్నాడు. హమాలీలందరికీ. మొన్న సాయంత్రం గుమాస్తా చెప్పాడట.

"మొన్న, అంటే మంగళవారం సాయంత్రం. ఏమని సెప్పినాడు?"

"రేపు గణేష్ ఒక్కడే వస్తాడు, మూటలు ఆయనే దించుకుంటాడు, మీరు రావద్దండి అన్నాడు."

"పేరు పెట్టి సెప్పినాడా? రమేష్ అనలేదా?"

"గణేష్ అనే అన్నాడు. ఏంటికి?" అని అడిగి, తను ఏం చెప్పేశాడో అప్పుడు అర్థమై బీడీ పారేశాడు. జీపు వైపు చూశాడు. ఇంట్లో భార్య హనుమంతమ్మ మంచం మీద ఉందని, పోలీసుల ముందు ఈ మాట అడిగితే తను అనలేదంటానని గొణిగాడు. మహాదేవి అతనికి, తను పిలిచేదాకా ఎవరితోనూ మాట్లాడొద్దని, భార్యను తీసుకుని ఈ పూటే ఊరు దాటి చుట్టాలింటికి పొమ్మని చెప్పింది.

టాస్ పడింది బుధవారం పొద్దున. గణేష్ వస్తాడని గోడౌన్‌కు తెలిసింది మంగళవారం సాయంత్రం.

జీపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు ఒకే ఫోన్ మీద తలలు వంచి ఉన్నారు. టీ తేవడానికి ఎవరు పోవాలో నాణెం వేసుకుంటున్నారు. లావుపాటి కానిస్టేబుల్ ఓడిపోయాడు. ఇది లెక్కలోకి రాదప్పా, మళ్లీ వెయ్ అన్నాడు. మళ్లీ ఓడిపోయాడు. నా వేలు జారింది, ఇంకోసారి అన్నాడు. మూడోసారి గెలిచాడు.

"సూస్తివా, నాణెం ఎప్పుడూ న్యాయమే సెప్తాది," అన్నాడు లావుపాటాయన.

మహాదేవి అక్కడే ఆగిపోయింది. సందులో వాళ్లందరూ చూసింది ఒక్క టాస్‌నే. రమేష్ బొటనవేలు ఎన్నిసార్లు వేసిందో ఎవరు చూశారు?

ఆమె రోడ్డు మీదికొచ్చి ఎమ్మిగనూరు బస్సెక్కింది.

*

మగ్గాల సందులో జనం అరుగుల మీద గుంపులుగా కూర్చుని ఉన్నారు. ఎవరింట్లోనూ చప్పుడు లేదు. శోభ, రమేష్‌ల తల్లి దేవక్క తన గుంట మగ్గం పక్కన నేల మీద కూర్చుని ఉంది. మగ్గం మీద పాత దుప్పటి కప్పారు. ఎదుట ఎవరో పెట్టిపోయిన అన్నం అలాగే ఉంది.

మహాదేవి ఆమె ఎదుట కూర్చుంది. మొదట గణేష్ గురించి మాట్లాడింది. దేవక్క ఏడ్చింది. అల్లుడు తనను అత్తా అని పిలిచేవాడు కాదని, అమ్మా అనే పిలిచేవాడని చెప్పింది. అల్లుడికీ కొడుక్కీ తగాదా ఉందా అని అడిగితే, బట్ట ముద్రల గురించి ఒకసారి మాటామాటా అనుకున్నారని, తర్వాత ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారని చెప్పింది.

"మంగళవారం మధ్యాహ్నం రమేష్ యాడికన్నా పోయినాడా పెద్దమ్మా?"

"యాడికి పోతాడు. ఈ గడపలోనే కూసోని ఫోన్ నొక్కుకుంటాండె. నేను లోపల నేస్తాంటి. నూలు కండెలు సుట్టియ్యిరా అంటే ఇనపడనట్లే ఉండె."

"మూటలు ఆదోనికి నిన్ననే ఎందుకు పంపినారు? ఇంకో రోజు పంపకూడదా?"

ఆ ప్రశ్నకు దేవక్క ముఖంలో ఏడుపు పోయి విసుగు వచ్చింది. ఇంత మాత్రం తెలియని మనిషి పరిశోధన చేస్తుందా అన్నట్టు చూసింది.

"నిన్న అమావాస్య గదమ్మా. అమావాస్య నాడు మగ్గం ఎవురు ముడతారు? మా అత్త కాలం నుంచి ముట్టలేదు. మగ్గానికి దీపం పెట్టి, దండం పెట్టుకోని ఊరుకుంటాము. ఖాళీగా ఉండేది ఆ ఒక్క రోజే. అందుకే ఆ పొద్దే మూటలు పంపేది."

"ఎవరో ఒకరు మగ్గం ఆడించి ఉంటారులే. బతుకు గడవాల గదా."

"ఈ సందులోనా?" దేవక్క గొంతు పెంచింది. "తిండి లేని రోజుల్లో కూడా ఆడించలేదు. నిన్న పొద్దున ఈ కొసన దగ్గితే ఆ కొసకి ఇనపడె. కావాలంటే అరుగు మీద ఎవురినైనా అడుగు పో."

మహాదేవి ఫోన్ తీసింది. శోభ పంపిన వీడియో పెట్టి, శబ్దం పూర్తిగా పెంచి, ఇద్దరి మధ్య నేల మీద ఉంచింది.

"బొమ్మ పడితే బావ పోవాల, బొరుసు పడితే నేను పోతా." ఆ మాట వెనకాల టక్, టక్, టక్. నాడె అటు పోయి ఇటు వచ్చే చప్పుడు. ఒక లయలో, ఆగకుండా. నాణెం తిరుగుతున్నంతసేపూ మగ్గం నడుస్తూనే ఉంది.

వీడియో అయిపోయింది. దేవక్క చెయ్యి దుప్పటి అంచు మీద ఆగిపోయింది.

"నిన్న పొద్దున వేసిన టాస్ అంట పెద్దమ్మా. నిన్న పొద్దున ఈ సందులో ఏ మగ్గం నడిచింది?"

మహాదేవికి ఇప్పుడు అంతా కనపడింది. రమేష్ తెలివైనవాడు. మంగళవారం మధ్యాహ్నం ఈ గడపలో కూర్చుని, బొమ్మ పడేదాకా వేస్తూ పోయాడు. పడినదాన్నే ఉంచుకున్నాడు. టైము కనపడే పట్టీ కత్తిరించాడు. మర్నాడు పొద్దున గ్రూపులో పెట్టాడు. అన్నీ ఆలోచించాడు, ఈ చప్పుడు ఒక్కటి తప్ప. బయటివాళ్లెవరైనా అయితే రికార్డు చేసేముందు మగ్గం ఆపించేవాళ్లు. రమేష్ పుట్టినప్పుడు ఉయ్యాల కట్టింది ఈ మగ్గం పక్కనే. అతనికి నడిచే మగ్గం ఎప్పుడూ వినపడలేదు. గ్రూపులో ఆ వీడియో చూసిన ఇన్ని ఇళ్లవాళ్లకూ వినపడలేదు. వాళ్లందరి చెవుల్లోనూ అది ఊపిరి లాంటిది.

"పెద్దమ్మా, ఆ మగ్గం నీదేనా?"

దేవక్క తల అడ్డంగా ఊపింది. "నాకు సెవులు సరిగ్గ ఇనపడవు," అంది. తర్వాత లేచి చీర దులుపుకుంది. కూతురి దగ్గరికి పోవాలి, తనను కూడా తీసుకుపొమ్మంది.

బస్సులో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఆదోని దగ్గరపడ్డాక ఒకే మాట అడిగింది. శోభకు చెప్తావా అని. చెప్తానంది మహాదేవి.

*

మార్చురీ ముందు అంబులెన్స్ సిద్ధంగా ఉంది. దాని వెనకే గురుదత్ కారు. అద్దాలు ఎత్తి ఉన్నాయి. దేవరాజు జీపు బానెట్ మీద కాగితం పరిచాడు. రమేష్ చేతిలో పెన్ను ఉంది.

మహాదేవి వచ్చి కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"చెయ్యి తియ్," అన్నాడు దేవరాజు. "విధులకు అడ్డం వస్తే నిన్ను లోపల వెయ్యాల్సి వస్తుంది."

"వెయ్యండి సార్. ముందు ఇది వినండి."

ఆమె వీడియో పెట్టింది. నిన్న అమావాస్య అని, ఎమ్మిగనూరు సందులో ఒక్క మగ్గమూ నడవలేదని, ఈ టాస్ మంగళవారం వేసి దాచినదని వరసగా చెప్పింది. దేవరాజు ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ విన్నాడు. అతని ముఖంలో నవ్వు పోయింది. మూర్ఖుడు కాడు. కానీ పట్టిన పట్టు విడిచే మనిషి కూడా కాడు.

"ఏమప్పా రమేషూ?"

రమేష్ పెన్ను మూత పెట్టాడు. అతను తడబడతాడని మహాదేవి అనుకుంది. అతను తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు.

"అవును, ముందు రోజే వేసినా. బొరుసు పడిన ప్రతిసారీ చెరిపేసి మల్ల వేసినా. అమావాస్య పొద్దు ఇంట్లో పండుకోవాలని వేసినా. టాస్‌లో దొంగాట ఆడితే ఉరిశిక్షా మేడమ్? అట్లయితే ఈ పోలీసోళ్లను కూడా వెయ్యండి, పొద్దున గోడౌన్ కాడ టీ కోసం వాళ్లేం చేసినారో నేనూ సూసినా."

లావుపాటి కానిస్టేబుల్ దగ్గాడు. దేవరాజు మహాదేవి వైపు చూశాడు. ఆ చూపులో సమాధానం ఉంది. దొంగ టాస్ వేరు, హత్య వేరు.

"గోడౌన్‌లో హమాలీలకు మంగళవారం సాయంత్రమే సెలవిచ్చినారు సార్," అంది మహాదేవి. "రేపు గణేష్ ఒక్కడే వస్తాడని పేరు పెట్టి చెప్పినారు. టాస్ పడకముందే. ఆ పేరు వాళ్లకు ఎవరిచ్చినారో రమేష్‌ను అడగండి."

"నీకు ఎవరు చెప్పినారు?"

"హత్య ఫైలు తెరవండి. సాక్షిని తెస్తా. తెరవకముందు పేరు చెప్తే రేపటికి ఆ మనిషి మీద కూడా బేళ్లు పడతాయి."

కారు అద్దం కొంచెం దిగింది.

దేవరాజు నుదురు తుడుచుకున్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు. తను ఊరికే ఫైలు తెరవలేడు. అనుమానం ఉందని భార్య రాసివ్వాలి. ఎవరి మీదో పేర్లతో రాసివ్వాలి.

అందరూ శోభ వైపు తిరిగారు. ఆమె మెట్ల మీద నుంచి లేచి నిలబడింది. ఏడవడం లేదు. తమ్ముడి దగ్గరికి నడిచి వచ్చింది.

"బావ వస్తాడని ఆడ ముందే ఎవురు సెప్పినార్రా?"

రమేష్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నన్ను సూసి సెప్పు."

మహాదేవి ముందు నిలిచిన ధైర్యం అక్క ముందు నిలవలేదు. రమేష్ జీపు పట్టుకుని నిలబడ్డాడు.

"పంపమన్నారు అక్కా. కర్నూలు పోకుండా మాట్లాడి ఒప్పిస్తామన్నారు. ముద్రలు నేనే తెచ్చిచ్చేవాణ్ని, బావ నోరు తెరిస్తే నేనూ జైలుకు పోతా. ఒప్పుకోకపోతే రెండు దెబ్బలేసి బెదిరిస్తామన్నారు. చంపుతామని నాకు సెప్పలేదు. దేవుని మీద ఒట్టు, నాకు సెప్పలేదు."

"ఎవురు?"

అతని కళ్లు కారు వైపు పోయి వెంటనే కిందికి దిగాయి. గొంతు గుసగుస అయింది. "నా పేరు రాయించు, పోతా. ఆ పేరు వద్దు. వాళ్లు ఊరుకోరు. నువ్వూ అమ్మా ఆ ఇంట్లో ఒంటరిగా ఉండాల."

అప్పుడు దేవక్క కదిలింది. కూతురి రెండు చేతులూ పట్టుకుంది. పోయినవాడు ఎట్లా తిరిగి రాడని, ఉన్న ఒక్కణ్ని కూడా పోగొట్టొద్దని, ఆ కాగితం మీద సంతకం పెట్టి మొగుణ్ని ఇంటికి తెచ్చుకొమ్మని బతిమాలింది. నీ కాళ్లు పట్టుకుంటానంటూ నిజంగానే వంగింది. శోభ ఆమెను మధ్యలోనే పట్టి లేపింది.

"నీ కొడుకును నేను పోగొట్టలేదు," అంది నెమ్మదిగా. "నా మొగునికి ఈ పొద్దు నేను తప్ప ఎవురూ లేరు."

ఆమె జీపు దగ్గరికి వచ్చింది. బానెట్ మీది కాగితాన్ని అడ్డంగా చింపింది. ముక్కలు దేవరాజు చేతిలో పెట్టింది.

"కొత్త కాగితం తియ్యండి సార్. రాసుకోండి. నాకు అనుమానం ఉంది. మొదటి పేరు రమేష్, నా తమ్ముడు. రెండో పేరు గురుదత్. ఆ కార్లో కూసోని ఉండాడే, ఆ సావుకారే."

దేవరాజు జేబులోంచి పెన్ను తీశాడు.

కారు ఇంజను మొదలైంది. బండి వెనక్కి వచ్చి, గేటు వైపు తిరిగింది. దేవరాజు గేటు మూయమని అరిచాడు. కానిస్టేబుళ్లు దూరంగా ఉన్నారు. మహాదేవి పరుగెత్తింది. ఆమెకంటే ముందు శోభ చేరింది. రెండు గేటు స్తంభాల మధ్య, దారి నడుమ, చేతులు కట్టుకుని నిలబడింది. మహాదేవి రెక్క పట్టి లాగినా కదలలేదు.

కారు ఆమె ముందు కీచుమని ఆగింది. మోకాళ్లకు జానెడు దూరం. డ్రైవరు హారన్ కొట్టాడు. వెనక సీటు అద్దం పూర్తిగా దిగింది.

"ఆమెను జరపండి," అన్నాడు గురుదత్, చాలా మామూలుగా. "లేకపోతే పోనియ్యమని నేనే చెప్తా." డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు. కారు మళ్లీ గుర్రుమంది. ముందు చక్రాలు బెత్తెడు కదిలాయి. బంపరు శోభ కాలికి తగిలింది.

ఆమె వెనకడుగు వెయ్యలేదు.

దేవక్క అప్పటిదాకా కొడుకు పక్కనే నిలబడి ఉంది. అతని భుజం మీద ఉన్న చెయ్యి తీసింది. మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. కారు ముందు నుంచే వచ్చి కూతురి పక్కన నిలబడింది. కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. తర్వాత కారు వైపు కాకుండా ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది.

"సారూ, నాకు సెవులు బాగానే ఇనపడతాయి. మంగళవారం ఆ మగ్గం నేసింది నేనే. అది కూడా రాసుకో."